విజ్జీ గారి బంగారు వాచీ

ఇందిరాపురం, అహింసా ఖండ్. జనవరి ఆదివారం, పొద్దున్న పదకొండు. పన్నెండో అంతస్తు బాల్కనీలో నిలబడితే కింద హారన్లు వినబడుతున్నాయి గానీ పొగమంచులో రోడ్డు ఆనడం లేదు. లోపల డైనింగ్ టేబుల్ మీంచి ఇడ్లీ ప్లేట్లు తీసేశారు. ఇంటాయన తెల్ల తువ్వాలు నాలుగు మడతలు పెట్టి పరిచారు. దాని మీద వెల్లకిలా ఒక బంగారు వాచీ.

"పట్టుకోండి బాబూ, ఏటీ అయిపోదు," అంటారాయన.

విజయనగరం మనిషి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో ఢిల్లీ వచ్చి, రిటైరయ్యాక ఇక్కడే ఫ్లాటు కొనుక్కుని ఉండిపోయారు. కూరగాయల బండి దగ్గర ఆయన హిందీ వింటే ఘజియాబాద్‌లోనే పుట్టారనుకుంటారు. తెలుగు మాత్రం గంటస్తంభం సెంటర్ దాటి ఒక్క అడుగు బయట పెట్టలేదు.

మీరు వాచీని అరచేతిలోకి తీసుకుంటారు. ముందు తోచేది దాని చిన్నతనం. ఇవాళ మగవాళ్లు కట్టుకునే వాచీల పక్కన పెడితే ఇది ఆడపిల్లలదేమో అనిపిస్తుంది. 1930లలో మగవాళ్ల చేతి వాచీ ఇంతే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మణికట్ల మీద బాగా వ్యాపించే దాకా చేతి వాచీ అంటే ఎక్కువగా ఆడవాళ్ల నగే. జేబులోంచి చేతి మీదికి వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు.

ఆయన కంటికి ఇరికించుకునే భూతద్దం అందిస్తారు. డయలు వైపు చూస్తారు. అంకెలు శుభలేఖ మీది అక్షరాల్లా కొత్తగా, నల్లగా మెరుస్తున్నాయి. అక్కడే అనుమానం మొదలవుతుంది. తొంభై ఏళ్ల డయలు ఇంత తెల్లగా ఉండదు. గోధుమ రంగుకు తిరగాలి, అంచుల్లో మచ్చలు పడాలి. ఆరు అంకె కింద ఉండాల్సిన 'స్విస్ మేడ్' కింది సగం అంచులోకి పోయింది. ఎవరో పాత రంగు గీకించి మళ్లీ రాయించారు. మన దేశంలో ఈ పని ఎంత జోరుగా సాగిందంటే, ఇలా రంగు పూసుకుని బయటికి వెళ్లిన పాత వాచీలకు విదేశీ సేకర్తలు 'ముంబై స్పెషల్' అని పేరే పెట్టేశారు. కీ ఇచ్చే గుండీ కూడా దీనిది కాదు. ఒంటికి మించిన సైజు, రంగు కూడా వేరే పసుపు. పట్టీ తగిలించే కొమ్ములు పాలిష్ మీద పాలిష్ పడి అంచులు కరిగిపోయాయి.

"ముందర మొహం చూడకండి. దీని జాతకం ఎనకాల ఉంది," అంటూ ఆయన వాచీని బోర్లించి, సన్నటి చాకు మొన మూత సందులో పెట్టి మెల్లగా తిప్పుతారు. టిక్కుమని ఊడుతుంది.

మూత లోపలి వైపు వెలుతురు పడేలా పట్టుకుంటే నాలుగు చిన్న ముద్రలు వరసగా కనిపిస్తాయి. 9 అంకె. దాని పక్కన .375. తర్వాత సింహరాశి గుర్తులాంటి వంకర గీత. చివర ఇంగ్లీషు పెద్ద 'ఏ'. ఈ నాలుగూ చదవడం వస్తే వాచీ అమ్మేవాడితో మాట్లాడే పని సగం తగ్గుతుంది. బయటి దేశాల నుంచి బ్రిటన్‌కు వచ్చే బంగారు వాచీల కేసులను అక్కడ పరీక్షించి ముద్ర వేయాలన్న నియమం 1907లో వచ్చింది. వంకర గీత లండన్‌లో వేసే దిగుమతి ముద్ర. అక్షరం ఏడాదికి గుర్తు. ఆ పెద్ద 'ఏ' 1936 వేసవిలో మొదలైన ఏడాదిది. అంకెలు బంగారం పాలు చెబుతాయి. ఇరవై నాలుగు పాళ్లలో తొమ్మిది పాళ్లు బంగారం, మిగతా పదిహేను పాళ్లు ఇతర లోహాలు.

ఈ చివరి ముక్క వంటింట్లోకి వినబడింది. ఇంటావిడ కాఫీ గ్లాసులతో వస్తూనే అందుకుంటారు. "సగం కూడా బంగారం నేదు. మా వైపు దీన్ని బంగారం అనరండి, బంగారం పూత అంటారు."

"పూత కాదే. తొమ్మిది క్యారెట్లు. ఇంగ్లండంతా అదే కట్టేవోరు."

"ఇంగ్లండంతా కట్టుకుంటే కట్టుకోనీండి. చాందినీ చౌక్ సందులో ఆ కొట్టువాడు 'విజయనగర్ కే రాజాసాబ్ కీ ఘడీ హై' అన్నాడు. ఊరి పేరు చెవిని పడ్డాక ఈయన బేరం ఆడతారేటి? పర్సు తీసేశారు!"

మనవడు టాబ్లెట్‌లోంచి తల ఎత్తకుండా అడుగుతాడు: "తాతయ్యా, కౌన్‌సా రాజా?"

ఆ ప్రశ్న మీద వాచీల ప్రపంచంలో కోట్ల వ్యాపారం నడుస్తోంది. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ కట్టుకున్న రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లు దాటింది. దానిలో బంగారం లేదు, అది ఉక్కు వాచీ. జాగ్రత్తగా బండి నడపమని భార్య చెక్కించిన మాట దాని వెనక ఉంది. ఐన్‌స్టీన్‌కు 1931లో లాస్ ఏంజలస్‌లో ఇచ్చిన లాంజీన్స్ బంగారు చేతి వాచీ 2008లో 5,96,000 డాలర్లు పలికింది. అందులోని బంగారాన్ని కరిగించి తూకం వేస్తే ఆ ధరలో పిసరంత కూడా రాదు. మొదట కట్టుకున్న మనిషి పేరుకే ఆ డబ్బంతా. అందుకే పాత ఢిల్లీలో ఏ సందులో అడిగినా ప్రతి పాత బంగారు వాచీ ఏదో ఒక రాజాసాబ్‌దే అవుతుంది. రైల్వే గుమాస్తాలు, ప్లీడర్లు, పత్తి దళారులు కట్టుకున్న వాచీలన్నీ ఎటు పోయాయో మరి.

మీ చేతిలో ఉన్నదాని వెనక పేరు లేదు, చెక్కడం లేదు. మూత లోపల మాత్రం సూదితో గీసిన సన్నటి గీతలున్నాయి. రిపేరు చేసిన ప్రతివాడూ తన గుర్తు కోసం గీసుకున్న నంబర్లు. ఒకటి ఇంగ్లీషు అంకెల్లో, ఒకటి ఉర్దూలో, ఇంకొకటి అర్థం కాని కొక్కిరి గీతల్లో. ఈ వాచీ చాలా చేతులు మారింది, చాలాసార్లు ఆగిపోయింది. అంతవరకే అది చెబుతుంది.

"రాజుగారు తొమ్మిది క్యారెట్లు కట్టారంటారా?" అని మీరు మెల్లగా అంటారు.

పెద్దాయన ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నారు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "కట్టుకోడానికి కొన్నది కాదండి బాబూ. ఇచ్చీడానికి కొన్నది. మా విజ్జీ గారు బంగారు వాచీలు పంచేవోరు. 1936లో లండన్‌లోనే ఉన్నారు కదా. పంచడానికి తొమ్మిది క్యారెట్లు చాలవేటి?"

కోర్టులో ఈ వాదన ఒక్క నిమిషం నిలబడదు. 1936లో లండన్‌లో ముద్ర పడ్డ వాచీలు ఎన్ని ఉంటాయో ఎవరు లెక్కపెట్టారు! కానీ ఆయన చెప్పిన రెండో సంగతి గాలికబురు కాదు. విజయనగరం మహారాజకుమార్ 1936లో ఇంగ్లండ్‌లోనే ఉన్నారు. బంగారు వాచీ కథ భారత క్రికెట్ చరిత్ర పుస్తకాలకు ఎక్కింది కూడా. ఆ కథ చూడాలంటే ఈ టేబుల్ దగ్గర్నుంచి లేచి చాలా దూరం వెళ్లాలి.

దారిలో మనిషిని కాస్త పరిచయం చేసుకోవాలి. పూసపాటి విజయానంద గజపతిరాజు, లోకానికి విజ్జీ. 1905 డిసెంబర్ 28న పుట్టారు. రెండో కొడుకు, అందుకని రాజు కాదు, మహారాజకుమార్. తండ్రి పోయాక సంస్థానం అన్నకు వెళితే తమ్ముడు కాశీలోని ఎస్టేటుకు మకాం మార్చారు. అజ్మీర్ మేయో కాలేజీలో, ఇంగ్లండ్‌లోని హెయిలీబరీలో చదివారు. కాశీలో సొంత క్రికెట్ మైదానం, సొంత జట్టు. 1930లో శాసనోల్లంఘన ఉద్యమం వల్ల ఇంగ్లండ్ జట్టు పర్యటన రద్దయితే, జాక్ హాబ్స్‌నూ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ సొంత ఖర్చుతో రప్పించి తన జట్టులో ఆడించారు. ప్రపంచంలోకెల్లా గొప్ప ఓపెనింగ్ జోడీ ఒక జమీందారు జట్టులో! ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్లా కొత్తగా కట్టినప్పుడు వైస్రాయ్ విల్లింగ్‌డన్ పేరిట అక్కడ ఒక పెవిలియన్ ఇచ్చారు. ఇందిరాపురం నుంచి ఐటీఓ వైపు వెళ్తే తగిలే స్టేడియమే అది. ఇప్పుడు పేరు అరుణ్ జైట్లీ. జాతీయ పోటీకి వైస్రాయ్ పేరుతో బంగారు కప్పు కూడా ఇవ్వబోయారు. పటియాలా మహారాజు క్రికెటర్ రంజీ పేరుతో ఇంకో కప్పు తెచ్చి ఆ పందెం గెలుచుకున్నాడు.

ఇవ్వడం విజ్జీకి చేతనైన విద్య. ఎవరికి ఏది ఇస్తే ఏది వస్తుందో తెలుసు. బ్యాటింగ్ అంత బాగా తెలియదు.

1936 ఇంగ్లండ్ పర్యటనకు ఓట్లు కూడగట్టి భారత జట్టు కెప్టెన్ అయ్యారు. ఓడిపోయినవాడు సి.కె. నాయుడు. 1932లో భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు నాయకుడు, మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంలో నాగపూర్‌లో పుట్టినవాడు. విజ్జీ ముప్పై ఆరు పెట్టెల సామానుతో, ఇద్దరు నౌకర్లతో బయల్దేరారు. కౌంటీ మ్యాచ్‌ల్లో పరుగులు కావాలి. ఒక కౌంటీ కెప్టెన్‌కు మ్యాచ్‌కు ముందే బంగారు వాచీ కానుక అందిందట. ఆయన కృతజ్ఞతగా ఒక ఫుల్‌టాస్, ఒకటి రెండు పొట్టి బంతులు వేయించి, రోజంతా అలాగే వేస్తూ ఉంటే ఇంగ్లండ్‌లో కుదరదని తర్వాత వాపోయాడని చెబుతారు. ఇంగ్లీషువాళ్లు ఈ కథ చెప్పుకుని నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ కెప్టెన్ వాచీ తిరిగి ఇచ్చేసినట్టు ఎక్కడా లేదన్న సంగతే ముందు కనబడుతుంది.

జూన్‌లో లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్‌తో మ్యాచ్ జరుగుతుండగా లాలా అమర్‌నాథ్‌ను ప్యాడ్లు కట్టుకుని కూర్చోబెట్టారు. వేరేవాళ్లను ఒక్కొక్కరినే ముందు పంపారు. చివరికి ఆడి వచ్చిన అమర్‌నాథ్ ప్యాడ్లు విసిరికొట్టి పంజాబీలో నాలుగు మాటలన్నాడు. పర్యటనలో అప్పటికే ఆరు వందల పైచిలుకు పరుగులు, 32 వికెట్లు అతనివి. మేనేజర్ మేజర్ బ్రిటన్-జోన్స్, కెప్టెన్ కలిసి అతన్ని ఓడెక్కించి ఇంటికి పంపేశారు. ఆ రోజుల్లోనే చక్రవర్తి పుట్టినరోజు బిరుదుల్లో విజ్జీకి సర్ వచ్చింది. నాలుగు రోజులకు మొదటి టెస్టు. భారత్ ఓడింది.

ఇప్పుడు మాంచెస్టర్.

1936 జూలై 25, శనివారం. ఓల్డ్ ట్రాఫర్డ్ పెవిలియన్ మెట్ల మీద చోటు చూసుకుని కూర్చోండి. ఆ రోజుల్లో ఇక్కడ పిచ్ పెవిలియన్‌కు అడ్డంగా ఉంటుంది. బౌలర్ చెయ్యి, బంతి తిరగడం మీకు సరిగ్గా కనబడవు. కనబడేది బ్యాట్స్‌మెన్ ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు పరిగెత్తడం. ఎవడు గీత చేరాడో, ఎవడు చేరలేదో మైదానంలో అంపైర్ తర్వాత బాగా తెలిసేది ఇక్కడ కూర్చున్నవాళ్లకే. రనౌట్ చూడాలంటే ఇంతకన్నా మంచి సీటు దొరకదు. భారత కెప్టెన్ కూర్చునేదీ ఈ పెవిలియన్‌లోనే.

మొదటి ఇన్నింగ్స్. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ ఓపెనర్లు. మర్చంట్‌ది బొంబాయి, ఇరవై నాలుగేళ్లకే పెద్దమనిషి ఆట, బంతిని చివరి క్షణం దాకా రానిచ్చి కట్ చేస్తాడు. ఇండోర్ కుర్రాడు ముస్తాక్‌కు ఇరవై ఒకటి. సి.కె. చేతి కింద తయారైనవాడు. ఫాస్ట్ బౌలర్‌ను చూస్తే వెనక్కి కాదు, ముందుకు నడిచివెళ్తాడు. అదుగో, మర్చంట్ ఒక బంతిని నేరుగా బలంగా కొట్టాడు. అది అవతలి కొసన ఉన్న ముస్తాక్ బ్యాటుకే తగిలి మిడాన్‌లో ఉన్న ఫాగ్ వైపు మళ్లింది. ముస్తాక్ క్రీజు బయట ఉన్నాడు. రనౌట్, 13. మొత్తం జట్టు 203.

ఆ 203లో 40 పరుగులు కోటా రామస్వామివి. మద్రాసులో భారత క్రికెట్‌కు తొలి దిక్కు అయిన బుచ్చిబాబు నాయుడి కొడుకు, దత్తు వెళ్లి ఇంటిపేరు మారినవాడు. డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. నలభై నిండాక ఇవాళే టెస్టుల్లో అడుగుపెట్టాడు. అంటే ఈ పదకొండుగురిలో తెలుగింటివాళ్లు నలుగురు: కెప్టెన్, పాత కెప్టెన్, అతని తమ్ముడు సి.ఎస్. నాయుడు, ఈ కొత్త ముసలాయన. నలుగురూ ఒకచోట కూర్చుని పప్పన్నం మాట్లాడుకున్నారని మాత్రం అనుకోకండి.

ఆదివారం సెలవు. సోమవారం, జూలై 27. లేచి నిలబడి ఒళ్లు విరుచుకోండి, రోజు పొడుగ్గా ఉండబోతోంది. ఇంగ్లండ్ శనివారం 2 వికెట్లకు 173 దగ్గర ఆగింది. ఇవాళ ఆగలేదు. హామండ్ 167. హార్డ్‌స్టాఫ్ ఆరు పరుగుల దూరంలో వంద పోగొట్టుకున్నాడు. చివర్లో వచ్చిన స్పిన్నర్ వెరిటీ కూడా 66 కొట్టి నాటౌట్. 8 వికెట్లకు 571 దగ్గర గబ్బీ అలెన్ డిక్లేర్ చేశాడు. 368 వెనక. పెవిలియన్‌లో భారత ఆటగాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మర్చంట్, ముస్తాక్ మళ్లీ ప్యాడ్లు కడుతున్నారు.

ఈ సందులోనే ఆ మాట.

కెప్టెన్ ముస్తాక్‌ను పక్కకు పిలిచాడట. మర్చంట్‌ను రనౌట్ చేయించు, నీకు బంగారు వాచీ ఇస్తాను అన్నాడట. మర్చంట్ ఈ కెప్టెన్సీ గురించి నోరు మూసుకుని ఉన్నవాడు కాదు. ముస్తాక్ సంస్థానపు కుర్రాడు, రాజుల మాట కాదనడం అలవాటు లేనివాడు, నాయుడి మనిషి. ఒకే దెబ్బకు రెండు పిట్టలన్న లెక్క విజ్జీ బుర్రలో ఉండే ఉంటుంది.

ఆ క్షణంలో ముస్తాక్ స్థానంలో మీరు నిలబడి చూడండి. బంగారు వాచీ అంటే 1936లో ఇండోర్ కుర్రాడికి చిన్న సంగతి కాదు. పైగా పని సులువు. లేని పరుగుకు 'యెస్' అని అరిచి, రెండడుగులు వేసి, 'నో' అని వెనక్కి తిరిగితే చాలు. మర్చంట్ సగం పిచ్‌లో ఇరుక్కుంటాడు. మొన్ననే మర్చంట్ కొట్టిన బంతికి తను రనౌట్ అయ్యాడు కాబట్టి చూసేవాళ్లు ఇది కూడా పొరపాటే అనుకుంటారు. ఒక్క ఋజువుండదు. క్రికెట్‌లో ద్రోహానికి ఇంత శుభ్రమైన ముసుగు ఇంకొకటి లేదు.

మైదానంలోకి నడుస్తూ ముస్తాక్ చేసింది ఇంకా సులువైన పని. సంగతి మర్చంట్‌కు చెప్పేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

మెట్ల మీంచి చూడండి ఇప్పుడు. అలెన్ వేగంగా వస్తున్నాడు. ముస్తాక్ రెండడుగులు ముందుకేసి బంతిని లేపి కొట్టాడు. గోవర్, రాబిన్స్, వెరిటీ, ఎవరొచ్చినా ఇంతే. అవతల మర్చంట్ తొందర లేకుండా ఒకటీ రెండూ తీస్తున్నాడు. ఒక్కో పరుగుకు ఇద్దరూ మీ కళ్ల ముందు ఎదురుబొదురుగా దాటుకుంటారు. పరుగు పిలిచినప్పుడల్లా వాచీ సంగతి తెలిసినవాడి గుండె ఒకసారి ఆగి కొట్టుకోవాలి. తెలిసినవాళ్లు ఈ మైదానంలో ముగ్గురే. ఇద్దరు పరిగెత్తుతున్నారు, ఒకడు కూర్చుని చూస్తున్నాడు.

ముస్తాక్ తొంభైల్లోకి వచ్చాడు. ఇంకా ఊపు తగ్గించలేదు. ఇంగ్లండ్ ఫీల్డర్ హామండ్ దగ్గరకొచ్చి, తమ్ముడూ నెమ్మది, ముందు వంద పూర్తి చేసుకో అని చెప్పాడట. తన కెప్టెనే తోటి ఓపెనర్ వికెట్ పోవాలని వాచీ ఆశ పెట్టిన మైదానంలో, అవతలి జట్టు మనిషి ఆ కుర్రాడికి వంద రావాలని కోరుకుంటున్నాడు. వంద వచ్చింది. విదేశీ గడ్డ మీద భారతీయుడి తొలి టెస్టు సెంచరీ.

ఆట ముగిసేసరికి వికెట్ పోకుండా 190. ముస్తాక్ 106, మర్చంట్ 79. ఇంగ్లండ్ అదే రోజు అంతకు ముందు చేసిన 398తో కలిపితే ఒక్క రోజులో 588 పరుగులు. టెస్టు క్రికెట్‌లో ఒక రోజులో ఇన్ని పరుగులు మరెప్పుడూ రాలేదు. మర్నాడు పొద్దున్న ముస్తాక్ 112 దగ్గర అవుటయ్యాడు. అప్పటికి స్కోరు 203. మొదటి ఇన్నింగ్స్‌లో పదకొండుగురు చేసినంత ఇద్దరు చేశారు. మర్చంట్ తర్వాత తన వంద కూడా పూర్తి చేసి 114 దగ్గర ఆగాడు. కోటా రామస్వామి 60. 5 వికెట్లకు 390, మ్యాచ్ డ్రా. ఆ ఇన్నింగ్స్ స్కోరుబోర్డులో రనౌట్ అన్న మాట కోసం మర్చంట్ పేరు పక్కన వెతక్కండి.

ఒకవేళ ముస్తాక్ ఆ వాచీ పుచ్చుకుని ఉంటే ఏమయ్యేది? ఇండోర్‌లో ఏదో బీరువాలో ఉండేది. తర్వాతి తరం అమ్ముకునేది. చేతులు మారి మారి చాందినీ చౌక్ సందులోకి వచ్చేది. కొట్టువాడు 'రాజాసాబ్ కీ ఘడీ' అనేవాడు, ఆ ఒక్కసారికి నిజమే చెప్పినట్టయ్యేది. కొన్నవాడికి అది ఎందుకు చేతులు మారిందో మాత్రం ఎన్నటికీ తెలిసేది కాదు. తీసుకున్నవాడు ఎవరికీ చెప్పడు కదా. విజ్జీ ఆ పర్యటనలో ఎవరెవరికి ఏమేం ఇచ్చాడో మనకు సగం తెలియదు. తెలిసింది ముస్తాక్ వద్దన్నది ఒకటి, ఆ కౌంటీ కెప్టెన్ ఇంగ్లీషులో చెప్పుకుని నవ్వింది ఒకటి. ఇందిరాపురం పెద్దాయనకు ఈ మాట అంటే నొచ్చుకుంటారు గానీ, విజ్జీ గారి వాచీ నిజంగా దొరికితే దాని వెనక చెక్కిన పేరు కన్నా దాన్ని ఎవరు జేబులో వేసుకున్నారన్నది నాకు ముఖ్యం.

నిజం చెప్పాలంటే విజ్జీని తిట్టడం మరీ తేలికైపోయింది. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్, 33 పరుగులు, అత్యధికం లార్డ్స్‌లో 19 నాటౌట్. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ కమిటీ 1937లో ఆయన కెప్టెన్సీని ఘోరమని తేల్చి, అమర్‌నాథ్‌ను నిర్దోషిగా నిలబెట్టింది. తర్వాత రేడియో కామెంటేటరయ్యాక పులుల్ని ఎలా వేటాడారో చెబుతుంటే, ట్రాన్సిస్టర్ పెట్టి మీ కామెంటరీ వినిపించి చంపారనుకున్నానని వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్ అన్నాడన్న జోకు ఇప్పటికీ తిరుగుతోంది. కానీ అదే మనిషి 1947 జూలైలో, స్వాతంత్ర్యం రాకముందే, తన సర్ బిరుదును వెనక్కి ఇచ్చేశాడు. ఇచ్చే అలవాటు అన్ని వైపులా పనిచేసింది. బోర్డు అధ్యక్షుడయ్యాడు, విశాఖపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లాడు, 1958లో పద్మభూషణ్ వచ్చింది.

మాంచెస్టర్ తర్వాత ఇంకొక్క టెస్టు మిగిలింది. ఆగస్టు, ఓవల్. పొద్దున్న ఫలహారాల బల్ల దగ్గర బాకా జిలానీ అనే ఆటగాడు అందరి ముందూ సి.కె. నాయుడిని అవమానించాడనీ, దానికి ప్రతిఫలంగా టెస్టు క్యాప్ దొరికిందనీ చెబుతారు. ఈసారి ఇచ్చినది పుచ్చుకున్నవాడు దొరికాడు. జిలానీ రికార్డు చూడండి: ఒకే ఒక్క టెస్టు, రెండు ఇన్నింగ్స్‌లో 16 పరుగులు, వికెట్లు లేవు. అయిదేళ్లకే, ముప్పై నిండకుండా చనిపోయాడు. ఆ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో భారత జట్టులో అందరికన్నా ఎక్కువ పరుగులు 81. అవి సి.కె.వి.

ఇరవై ఏళ్ల తర్వాత, ఇందిరాపురం ఉన్న ఈ ఉత్తరప్రదేశ్ రంజీ జట్టును లేపి నిలబెట్టాలని విజ్జీ తలపెట్టాడు. 1956-57 సీజన్‌కు ఎవరిని పిలిపించాడో తెలుసా? అరవై ఒకటేళ్ల సి.కె. నాయుడిని. ఇరవై ఏళ్ల కిందట ఓట్లు కూడగట్టి లాక్కున్నదాన్నే ఈసారి ఇచ్చాడు. కెప్టెన్సీ. నాయుడు పుచ్చుకున్నాడు, ఆడాడు.